ఆపమనే మాట ఎవరిది?

మాస్టారు: మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బరువులెత్తే ఆట ఏ ఆస్పత్రి నీడనా పెరగలేదు. ఊరి వ్యాయామశాలలైన తాలింఖానాల్లో పెరిగింది. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో కండ పెంచి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, తిరిగొచ్చి అదే విజయనగరంలో పిల్లలకు వ్యాయామం నేర్పిన కోడి రామమూర్తి నాయుడి కాలం నుంచీ ఇక్కడ శిష్యుడి ఒంటిని చూసుకున్నది గురువే. ఆమదాలవలస పక్క ఊసవానిపేటలో నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర బార్ పట్టిన కరణం మల్లీశ్వరి 1994లోనూ 1995లోనూ ప్రపంచ చాంపియన్ అయింది. 2000 సెప్టెంబరులో సిడ్నీలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, కలిపి 240 కిలోలెత్తి ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారత మహిళ అయింది. నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడ లిఫ్టర్ల ఊరని పేరు పడింది. ఆ ఊరి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చింది. ఈ కథలు చెప్పుకునేటప్పుడు ఎక్కడా క్రీడా వైద్యుడి పేరు వినపడదు. వినపడకపోవడానికి కారణముంది. పిల్లను రెండు పూటలా చూసేవాడు కోచ్. బార్ నేల వదిలేటప్పుడు మడమ కాస్త లేచినా, రోజూ గలగలా మాట్లాడే పిల్ల ఆ పూట నోరు విప్పకపోయినా, బెల్టు నిన్నటి రంధ్రం కాక ఇంకో రంధ్రానికి పెట్టుకున్నా అతనికి తెలుస్తుంది. ఎప్పుడో ఒకసారి చూసే డాక్టరుకు అది తెలిసే దారి లేదు. అందుకే ఈ పిల్ల ఈ రోజు ఎత్తాలా వద్దా అన్న మాట కోచ్‌దే కావాలంటాను.

డాక్టరు: మీరు చెప్పిన ప్రతి పేరూ నిజమే మాస్టారూ. అయితే అవన్నీ నిలబడ్డవాళ్ల పేర్లు. పడిపోయినవాళ్ల పేర్లు రాసుకునే పుస్తకం ఏ తాలింఖానాలోనూ లేదు. మల్లీశ్వరితో పాటు ఆ రోజుల్లో బార్ పట్టిన పిల్లలెందరు, నడుం నొప్పితో మానేసినవారెందరు, పెళ్లయ్యాక బిందె ఎత్తలేక బాధపడుతున్నవారెందరు? ఎవరూ లెక్క కట్టలేదు. పండిన మడి ఒక్కటి చూపించి ఆ ఏడు వానలు బాగా పడ్డాయంటే రైతు ఒప్పుకోడు. లెక్క కట్టిన చోట ఏం తేలిందో చూడండి. అమెరికాలోని బోస్టన్‌లో ఒక క్రీడా వైద్యశాలకు నడుం నొప్పితో వచ్చిన వందమంది టీనేజీ ఆటగాళ్లను, వందమంది పెద్దవాళ్లతో పోల్చి 1995లో ప్రచురించారు. పెద్దవాళ్లలో ఐదుగురికి మాత్రమే వెన్నుపూస వెనక భాగంలో సన్నటి పగులు కనపడింది. పిల్లల్లో 47 మందికి కనపడింది. ఎదిగే ఒంట్లో నడుం నొప్పికీ, నలభై ఏళ్ల ఒంట్లో నడుం నొప్పికీ అర్థం ఒకటి కాదు. తొలి వారాల్లో పట్టుకుని బరువు దించేస్తే ఆ పగులు చాలామందిలో అతుక్కుంటుంది. ‘పట్టేసింది, నూనె రాయి’ అని రెండేళ్లు ఎత్తిస్తే అతుక్కోదు. మీ కన్ను ఎంత పదునైనదైనా ఎముక లోపలికి చూడదు. క్రీడా వైద్యమంటే ఖరీదైన ఆపరేషన్ అనుకుంటారు. దాని పునాది ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలి అన్న రెండు నిర్ణయాల్లో ఉంది. ఆ రెండూ పతకం వస్తే లాభపడని మనిషి చేయాలి.

మాస్టారు: నడుం సంగతి ఒప్పుకుంటాను. కానీ డాక్టరు గారూ, ఆపమనే అధికారం మీవాళ్లు ఇంతవరకూ ఎలా వాడారో కూడా చూద్దాం. బరువులెత్తితే పిల్లలు పొట్టిగా మిగిలిపోతారనీ, ఆడపిల్లకైతే రేపు కాన్పు కష్టమవుతుందనీ తల్లిదండ్రులను భయపెట్టిన మాట దశాబ్దాల పాటు డాక్టర్ల నోటి నుంచే వచ్చింది. దానికి ఆధారం లేదు, నేర్పేవాడు దగ్గరుండి పద్ధతిగా చేయిస్తే పిల్లలకు బరువుల సాధన మేలే చేస్తుందని 2014లో వివిధ దేశాల నిపుణులు ఉమ్మడిగా ప్రకటించారు. మీ భయం వల్ల బార్ ముట్టకుండానే ఆగిపోయిన పిల్లల లెక్క కూడా ఏ పుస్తకంలోనూ లేదు కదా! దెబ్బ తగిలితే ఐసు పెట్టు, కదలకుండా ఉంచు అని 1978లో గేబ్ మిర్కిన్ అనే అమెరికా డాక్టరు చెప్పాడు. అది ప్రపంచమంతా వేదమైంది. 2014లో ఆయనే, ఐసూ పూర్తి విశ్రాంతీ మానడాన్ని ఆలస్యం చేయవచ్చని మాట మార్చుకున్నాడు. ఇక్కడ మోకాలి నొప్పితో ఒక లిఫ్టరును మామూలు ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళితే వచ్చే సలహా ఒకటే: ఆరు వారాలు మంచం మీద ఉండు, ఆ తరవాత ఈ ఆట మానెయ్. కండ బాగా ఉన్నవాడికి రక్తంలో క్రియాటినిన్ కాస్త ఎక్కువే ఉండొచ్చు. అది తెలియని డాక్టరు కాగితం చూసి కిడ్నీ పోతోందని చెబితే ఆ ఇంట్లో ఆ రాత్రి ఎవరు నిద్రపోతారు? ఆట తెలియని మనిషి చేతిలో ఆపమనే అధికారం, ఆట ముగించే అధికారంగా మారుతుంది.

డాక్టరు: ఇందులో కాదనగలిగింది నాకు ఒక్కటీ కనపడడం లేదు. మంచం మీద పడుకోబెట్టడం క్రీడా వైద్యం కాదు. అది చేతకానితనం. మోకాలి చిప్ప కింద ఉండే స్నాయువు నొప్పికి ఇప్పుడు మందు బరువే. నిదానంగా, లెక్క ప్రకారం, వారం వారం పెంచుతూ ఎత్తించాలి. ఎత్తడం పూర్తిగా ఆపితే ఆ స్నాయువు ఇంకా బలహీనపడుతుంది. ఒట్టి బార్‌తో మొదలుపెట్టి, మర్నాడు పొద్దున్న నొప్పి పెరగకపోతే ఒక మెట్టు పైకి, పెరిగితే ఒక మెట్టు కిందికి. ఈ మెట్లు ఎక్కించేది డాక్టరు కాదు, కోచే. మీరు లేకపోతే నా చీటీ ఉత్త కాగితం. కానీ ఇప్పుడు ఆపే మనిషి లేని చోట ఏం జరుగుతోంది? పోటీ రోజు పొద్దున్న నొప్పి ఇంజెక్షన్. డైక్లోఫెనాక్ సూది వేయించుకుని బరిలోకి దిగడం. ఈ అలవాటు ఎక్కడైనా తప్పే, ఇక్కడ రెండింతల తప్పు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస: ఆ ఉద్దానం ఊళ్లలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లు కూల్చిందో మీకు చెప్పనక్కర్లేదు. కారణం ఇదీ అని ఇప్పటికీ ఒక్కటీ తేలలేదు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, రెండు వందల పడకల ఆస్పత్రి 2023 డిసెంబరులో తెరిచారు. కారణం తెలియకపోయినా ఒక సంగతి మాత్రం వైద్యంలో ఎప్పుడో తేలింది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం అందేలా రక్తనాళాలను తెరిచి ఉంచే రసాయనాలుంటాయి. ఈ నొప్పి మందులు సరిగ్గా వాటినే అడ్డుకుంటాయి. బరువు కేటగిరీ కోసం రెండు రోజులు నీళ్లు మానిన పిల్లకు, ఏప్రిల్ ఎండలో, ఆ సూది వేయడమంటే ఏమిటో ఆలోచించండి. క్రియాటినిన్ అంకె కండల వల్ల కాస్త పెరిగిందా, జబ్బు వల్ల పెరిగిందా అని విడదీయగలవాడు కావాలంటున్నారే, ఆ మనిషి కోసమే నేనూ అడుగుతున్నది.

మాస్టారు: సూది తప్పే. వేయించినవాడిదీ తప్పు, వేసినవాడిదీ తప్పు. అయితే వేసినవాడు ఎవరు? డాక్టరో, డాక్టరని బోర్డు పెట్టుకున్నవాడో. ఇక్కడే నా అసలు అనుమానం ఉంది. తెల్లకోటు వేసుకున్నవాడు పతకానికి అతీతుడని మీరెలా అంటారు? తూర్పు జర్మనీలో 1974 నుంచి ప్రభుత్వమే పథకం వేసి, పదమూడు పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు విటమిన్ మాత్రలని చెప్పి మగ హార్మోన్లు తినిపించింది. మోతాదులు రాసింది కోచ్‌లు కాదు, క్రీడా వైద్యులు. ఆ పథకాన్ని నడిపిన క్రీడాధికారి మన్‌ఫ్రెడ్ ఎవాల్డ్‌కూ, వైద్యుడు మన్‌ఫ్రెడ్ హోప్నర్‌కూ బెర్లిన్ కోర్టు శిక్ష వేసింది 2000 జులైలో. మల్లీశ్వరి సిడ్నీలో బార్ ఎత్తడానికి సరిగ్గా రెండు నెలల ముందు. జైలుకు పంపకుండా వాయిదా వేసిన శిక్ష అది. అమెరికా జిమ్నాస్టిక్స్ జట్టు డాక్టరు లారీ నాసర్, వైద్యం పేరుతో ఏళ్ల తరబడి ఆడపిల్లల మీద అఘాయిత్యాలు చేశాడు. ఆ అఘాయిత్యాలకు 2018లో గానీ శిక్ష పడలేదు. ఆ రెండు దేశాలకూ క్రీడా వైద్యశాలలు లేవా, పరికరాలు లేవా? ప్రపంచంలోనే గొప్పవి ఉన్నాయి. కోచ్ తప్పు చేస్తే ఊరికి తెలుస్తుంది, ఎందుకంటే తాలింఖానాకు తలుపుండదు. డాక్టరు గదికి తలుపుంటుంది, గడియ ఉంటుంది.

డాక్టరు: ఈ వాదనకు నేను జవాబు చెప్పను, తల వంచుతాను. ఆ తలుపు మాటను ప్రతి క్రీడా వైద్యుడూ గుర్తు పెట్టుకోవాలి. ఆడపిల్లను పరీక్షించేటప్పుడు ఆమె నమ్మే మరో ఆడమనిషి గదిలో ఉండాలన్నది మర్యాద కాదు, నియమం. కానీ మీ ఉదాహరణలనే ఇంకాస్త దగ్గరగా చూడండి. తూర్పు జర్మనీ డాక్టరుకు జీతం ఇచ్చింది ఎవరు? పతకాలు కావాలన్న ప్రభుత్వం. నాసర్ ఎవరి మనిషి? గెలవాలన్న సంఘం మనిషి. చదువు వాళ్లను ఆపలేదు, నిజమే. పతకం కోరేవాడి కింద పనిచేసే డాక్టరు, కోచ్‌కు చేయిగానే మిగులుతాడు. అందుకే పునాది డాక్టరు కాదు, స్వతంత్రుడైన డాక్టరు అంటున్నాను. మీరు మొదట చెప్పిన గ్లాస్గో పతకాన్నే తీసుకోండి. 53 కిలోల విభాగంలో సంతోషికి మొదట వచ్చింది కాంస్యం. బంగారం గెలిచింది నైజీరియాకు చెందిన చికా అమలాహా, పదహారేళ్ల పిల్ల. ఆమె మూత్రంలో అమిలోరైడ్, హైడ్రోక్లోరోథయజైడ్ దొరికాయి. ఒంట్లో నీరు తీసేసే మందులు. మన ఇళ్లలో బీపీ ఉన్న పెద్దవాళ్ల మాత్రల డబ్బాలోనూ ఆ రెండో మందు ఉంటుంది. ఆ పిల్ల పతకం పోయింది, సంతోషికి రజతం వచ్చింది. మనకు సంతోషమే. అయినా ఆ పదహారేళ్ల పిల్ల మన ఊరి పిల్ల అయి ఉండొచ్చన్న ఆలోచన నన్ను వదలదు. 2023లో ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ లెక్కల్లో భారత ఆటగాళ్ల 5,606 నమూనాల్లో 214 పట్టుబడ్డాయి. నూటికి 3.8. అయిదు వేలకు పైగా పరీక్షలు చేసిన దేశాల్లో అంత శాతం ఇంకెక్కడా లేదు. అందరూ దొంగలేనా? పొడి డబ్బా మీద రాయని మందు లోపల ఉంటే, దగ్గుకు ఎవరో ఇచ్చిన సిరప్‌లో నిషిద్ధ పదార్థం ఉంటే, తెలియక తాగినా ఒంట్లో దొరికితే బాధ్యత ఆటగాడిదే అన్నది ఆ నియమావళి. ‘ఇది తాగొచ్చా?’ అని అడగడానికి మన పిల్లకు కోచ్, మందుల షాపు తప్ప మూడో మనిషి లేడు.

మాస్టారు: మూడో మనిషిని పెట్టండి, వద్దనను. కానీ పునాది అన్న మాట వాడారు కనక అడుగుతున్నాను. ఇంటికి పునాది ముందు వేస్తారా, తలుపుకు తాళం ముందు కొంటారా? కేంద్ర ప్రభుత్వ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 2019 నుంచి 2021 మధ్య లెక్క ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తం తక్కువ. అలాంటి ఇంటి నుంచి వచ్చిన పిల్లకు ఎమ్మారై గది చూపిస్తారా? ఒక స్కానింగ్ ఖర్చుతో ఒక పిల్లకు కొన్ని నెలల పాటు రోజూ గుడ్లు పెట్టొచ్చు. చోడి అంబలి, ఉలవ గుగ్గిళ్లు, నువ్వుండ, ఎండు నెత్తళ్లు: ఈ నేల ఇచ్చిన తిండి దొరికితే సగం దెబ్బలు తగలనే తగలవు. ఇంకో మాట. మీ చూపంతా తాలింఖానా మీదే ఉంది. తెల్లవారుజామున హైవే పక్కన పరిగెత్తే కుర్రాళ్లను చూడండి. సైన్యం ఎంపికలో 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లో దాటితేనే పరుగుకు పూర్తి మార్కులు. నోటిఫికేషన్ వచ్చిన మర్నాటి నుంచి అరిగిన బూట్లతో తారు మీద పరుగు మొదలు. ముంగాలి ఎముక నొప్పితో సగంలో ఆగినవారికి కోచూ లేడు, డాక్టరూ లేడు. ఆటగాడి సంరక్షణ అని మాట్లాడుతూ వాళ్లను వదిలేస్తే, మనం పతకం సంరక్షణ గురించే మాట్లాడుతున్నట్టు కదా?

డాక్టరు: ఆ కుర్రాళ్లను వదిలేసినందుకు నా పక్షం సిగ్గుపడాలి. అయితే తిండి నా పక్షమే, మాస్టారూ. మీరు దాన్ని నాకు ఎదురుగా నిలబెట్టారు. ఖర్చయ్యే శక్తికి తగ్గ తిండి లేకపోతే ఆటగాళ్ల ఒంట్లో ఏయే పనులు ఆగిపోతాయో 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఒక జబ్బుగా పేరు పెట్టి మరీ చెప్పింది. నెలసరి ఆగుతుంది, ఎముక పలచబడుతుంది, చిన్న ఒత్తిడికే పగులుతుంది. నెలసరి ఆగిన సంగతి మగ కోచ్‌కు ఏ పిల్ల చెబుతుంది? ‘హమ్మయ్య, పోటీలకు ఇబ్బంది లేదు’ అనుకునే పిల్లలే ఎక్కువ. అది ఒంట్లోంచి వచ్చే మొదటి కేక. 2024 పారిస్‌లో వినేశ్ ఫోగట్ వంద గ్రాముల కోసం రాత్రంతా తిండీ నీళ్లూ లేకుండా చెమటోడ్చి, జుట్టు కత్తిరించుకుని కూడా ఫైనల్‌కు దూరమైంది. చుట్టూ నిపుణులున్న ఆమెకే అలా అయితే, జిల్లా పోటీల తూకం ముందు మన పిల్లలేం చేస్తారో ఊహించండి. ఇక యంత్రాల మాట. నేను యంత్రం అడగడం లేదు. ఇటలీ 1982 నుంచి పోటీ ఆటగాళ్లందరికీ ఈసీజీ తప్పనిసరి చేసింది. అక్కడి వెనెటో ప్రాంతంలో ఆటగాళ్ల హఠాన్మరణాలు ఏడాదికి లక్షకు 3.6 నుంచి 0.4కు తగ్గాయి. అయినా అమెరికా గుండె వైద్యులు ఆ దారి పట్టలేదు. ఆరోగ్యంగా ఉన్నవాడికి తప్పుడు అనుమానం అంటించి ఆట మాన్పించే ప్రమాదం ఉందన్నారు. ఆ విషయంలో నా మనసు ఇంకా రెండుగానే ఉంది. కానీ ఖర్చు లేని పనులు ఎన్నో ఉన్నాయి. వడదెబ్బ తగిలినవాణ్ని ఆటోలో ఎక్కించి ఆస్పత్రికి పరిగెత్తడం కాదు, ముందు అక్కడే చల్లటి నీళ్ల తొట్టిలో దించి ఒళ్లు చల్లార్చాలి, తరవాతే ప్రయాణం. ఫుట్‌బాల్ ఆడే పిల్లలకు ఇరవై నిమిషాల వార్మప్ పద్ధతి ఒకటుంది. నార్వేలో ఆడపిల్లల మీద పరీక్షిస్తే తీవ్రమైన దెబ్బలు దాదాపు సగం తగ్గాయని 2008లో తేలింది. దానికి కావలసింది మైదానం ఒక్కటే. హైవే కుర్రాడికి ‘ఈ వారం పరుగు పోయిన వారం కంటే కొంచెమే ఎక్కువ’ అన్న మాట ఎవరైనా చెబితే చాలు. ఎముక నొప్పి ఒకే చోట వేలితో చూపించేలా ఉంటే ఆగమని చెబితే చాలు. చూశారా, ఎటు తిరిగినా ఆ మాట దగ్గరికే వస్తున్నాం: ఆగు అని ఎవరు చెప్పాలి?

మాస్టారు: చెప్పడం తేలికే. ఆగడం ఎవరికి తేలిక? జూనియర్ వయసు దాటడానికి ఒక్క ఏడాది ఉన్న పిల్లను మూడు నెలలు ఆపమంటారు. ఆ మూడు నెలల్లో సెలక్షన్ అయిపోతుంది. సెలక్షన్ పోతే సర్టిఫికెట్ లేదు. సర్టిఫికెట్ లేకపోతే స్పోర్ట్స్ కోటాలో రైల్వేనో పోలీసో అనుకున్న ఉద్యోగం లేదు. ఆ ఉద్యోగం మీద ఆ ఇంటి అప్పు, చెల్లెలి చదువు, తండ్రి మందులు వేలాడుతున్నాయి. పతకంతో లాభం లేని మనిషి నిర్ణయించాలన్నారు, బాగుంది. కానీ నష్టం కూడా లేని మనిషి నిర్ణయిస్తే అది న్యాయమెలా అవుతుంది? ఆపమని రాసి మీరు ఇంటికి వెళతారు. ఆ పిల్ల తల్లి ముందు నిలబడేది నేను. అందుకే కోచ్‌లు నొప్పి దాస్తారు, పిల్లలూ దాస్తారు. దురాశ అనకండి. వాళ్లకున్న లెక్క అదొక్కటే.

డాక్టరు: నా పుస్తకాల్లో ఈ ప్రశ్నకు జవాబు లేదు. వెన్నులో పగులుందని తెలిసిన పిల్లను ఉద్యోగం కోసం ఎత్తనివ్వాలా అంటే, ఆమెకు పద్దెనిమిది నిండకపోతే వద్దనే అంటాను. ఆ తల్లి ముందు నిలబడి కూడా అదే అంటాను. నిండితే, ఏం పోతుందో ఎంత పోతుందో ఆమెకు అర్థమయ్యే మాటల్లో చెప్పి, నిర్ణయం ఆమెకు వదలాలి. మీకూ కాదు, నాకూ కాదు.

మాస్టారు: పద్దెనిమిది నిండిన పిల్ల నిర్ణయం ఆమెదేనంటున్నారు. అప్పు మీద ఉన్న ఇంట్లో ఆ నిర్ణయం ఆమెదెలా అవుతుంది? సరే, ఆపమనే మాట మీకే ఇస్తాను. బదులుగా రెండు కావాలి. ఆపిన ప్రతి నెలకూ ఆ పిల్లకు తిండి ఖర్చు. డాక్టరు మాట మీద ఆగినందుకు సెలక్షన్‌లో చోటు పోదన్న హామీ. అవి లేనంత కాలం మీ చీటీని ఎవరూ బయటికి చూపించరు. మడిచి పుస్తకంలో పెట్టేస్తారు.

డాక్టరు: ఆ హామీ మీద పెట్టాల్సిన సంతకం నాది కాదు. క్రీడా సంఘాలది, ప్రభుత్వానిది. అక్కడికి కోచ్ ఒక్కడే వెళితే డాక్టరు లేడంటారు, డాక్టరు ఒక్కడే వెళితే ఆట తెలియదంటారు.

మాస్టారు: కలిసే వెళదాం. అది వచ్చేసరికి ఎన్నాళ్లవుతుందో తెలియదు. రేపు పొద్దున్న అయిదింటికే పిల్లలు వస్తారు. వాళ్లలో ఎవరైనా నడుం నొప్పి అంటే?

డాక్టరు: బార్ దింపించండి. ఎన్నాళ్ల నుంచో, వెనక్కి వంగితే పెరుగుతోందో అడగండి. వంగితే పెరిగినా, రెండు వారాలు దాటినా నా దగ్గరికి పంపండి. సూది మాత్రం వేయించకండి.